ఆ పూట మెషిను ఎవరిది

మా అత్తగారికి నా లాండ్రీ మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. "ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కోలేరా? డబ్బులిచ్చి మరీ నీకెందుకు ఇస్తారు?" అనేది. జనం ఇస్తూనే ఉన్నారు, ఆవిడ అడుగుతూనే ఉంది. కాకపోతే పోను పోను కొంచెం గొంతు తగ్గించి అడిగేది. అన్న మాట వెనక్కి తీసుకునే నోరు కాదు ఆవిడది. విని ఊరుకునే నోరు కాదు నాది. మా ఇద్దరి మధ్యా మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అన్నం తినేవాడు.

షాపంటే పెద్దదేం కాదు. వీధిలోకి తెరుచుకునే గది ఒకటి, వెనకాల నీళ్ళ తొట్టి ఉన్న గది ఇంకొకటి. ఇళ్ళల్లో వాడే వాషింగ్ మెషిన్లు రెండు, ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా ఆరేసుకునే తీగలు. మెషిన్లు రెండూ ఒకేసారి తిరిగితే బల్ల మీది టీ గ్లాసు తనంతట తనే అంచుదాకా నడిచేది. మా ఆయన వ్యానులో ఇంటింటికీ తిరిగి బట్టలు తెచ్చేవాడు, మధ్యాహ్నం నుంచి ఇస్త్రీకి నిలబడేవాడు. ఉతుకూ, లెక్కా, పోట్లాటలూ నావి.

అలా గడిచిపోతుండగా ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. అక్కడ స్టోరు చూసుకునే ఆవిడ ఎప్పటి నుంచో మా దగ్గరే ఇస్త్రీ చేయించుకుంటుంది. వార్డుల్లో దుప్పట్లు, దిండు గలేబులు, డాక్టర్ల కోట్లు, అన్నీ వచ్చే నెల మొదటి తారీఖు నుంచి మాకే ఇస్తానంది. షరతు ఒకటే. పొద్దున తీసుకెళ్ళినవి సాయంత్రానికి తిరిగి రావాలి. దానికి మా బుల్లి మెషిన్లు చాలవు. హోటళ్ళలో ఉండే రకం కావాలి, మనిషి ఎత్తున, గుండ్రటి అద్దం తలుపుతో. "నీకు కుదరకపోతే చెప్పు, ఊరవతల పెద్ద లాండ్రీ వాళ్ళు కాచుక్కూర్చున్నారు" అని మొహమాటం లేకుండా చెప్పింది. ఆ పని వస్తే మేం నిలబడతాం. రాకపోతే, ఆ పెద్ద లాండ్రీ వాళ్ళు ఆస్పత్రితో పాటు మా వీధిలోకి కూడా వచ్చేస్తారు. ఇంక మేం మూసుకోవడమే.

బ్యాంకుకి వెళ్ళాను. తాకట్టు ఏం పెడతారని అడిగారు. మెషినే పెడతానన్నాను. అది ఇంకా కొనలేదు కదా అన్నారు. కొనడానికే కదండీ వచ్చింది అన్నాను. ఇల్లుందా, స్థలముందా, నగలున్నాయా అని అడుగుతూ పోయాడు ఆ కుర్రాడు, లేదు లేదు అని చెప్పుకుంటూ పోయాను నేను. పక్క కుర్చీలో పెద్దాయన మూడో ఇల్లు కట్టుకోవడానికి అప్పడుగుతున్నాడు. ఆయనకి కాఫీ తెప్పించారు. డబ్బు అవసరం మొహంలో కనిపించిందంటే చాలు, కాఫీ ఉండదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బజార్లో రోజువారీ వసూళ్ళకి తిరిగే వడ్డీవ్యాపారి ఉన్నాడు. అడిగిన పూటే ఇస్తాడు. మా పక్క కొట్లో టైలరు ఆయన దగ్గరే తీసుకున్నాడు. ఇప్పుడా కొట్లో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. టైలరు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

అప్పుడు అత్తగారు అంది, "మా సంఘంలో అడుగు" అని.

ఆ సంఘం ఇస్లాం పద్ధతిలో నడుస్తుంది. వడ్డీ తీసుకోరు, ఇవ్వరు. చిన్న చిన్న మనుషులు తలా కొంత పెడతారు. సంఘం ఆ డబ్బుతో సరుకులు కొని అమ్ముతుంది, లాభమొస్తే ఏడాదికోసారి పంచుతుంది, నష్టమొస్తే అదీ పంచుతుంది. మామగారు పోయినప్పుడు చేతికొచ్చిన డబ్బు అత్తగారు అందులో పెట్టింది. ఏటా వచ్చే లాభం పెద్ద మొత్తమేం కాదు. ఆ డబ్బు మాత్రం ఎవర్నీ అడగకుండా ఖర్చుపెట్టుకునేది. కళ్ళజోడు, చెప్పులు, మా అమ్మాయికి రంగు పెన్సిళ్ళు, ఒక ఏడాది ఎవరికీ చెప్పకుండా ఒక రేడియో. కొడుకు ముందు చెయ్యి చాచకుండా ఉండటం ఆవిడకి ఎంత పెద్ద విషయమో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు.

సంఘం మేనేజరుని వీధంతా నిదానంగారు అంటుంది. సంతకం పెట్టే ముందు పెన్ను మూత తీసి, చూసి, వెనక్కి తగిలించి, సరిగ్గా తగిలిందా లేదా అని మళ్ళీ చూస్తారు. ఆయన ఎదురుగా కూర్చుంటే నా కాళ్ళు వాటంతటవే ఊగడం మొదలుపెడతాయి.

"మేము మీకు డబ్బివ్వమమ్మా" అన్నారు.

"మరి నేనెందుకొచ్చినట్టు?"

"మెషిను మేమే కొంటాం. కొన్నాక మీకు అమ్ముతాం. మాకెంత పడింది, మీద ఎంత వేసుకుంటున్నాం, రెండూ దాచకుండా చెబుతాం. వాయిదాల్లో కట్టుకోండి. ఒక నెల ఆలస్యమైందని రేటు పెంచం. దీన్ని మురాబహా అంటారు."

ఆయన చెప్పిన లెక్కా, బ్యాంకు వాళ్ళ వడ్డీ లెక్కా ఇంచుమించు ఒకటేనని నాకు అక్కడికక్కడే అర్థమైంది. బట్టల లెక్కలు చేసే బుర్ర కదా. "వడ్డీ అంటే పాపం, లాభం అంటే పుణ్యమా మేనేజరుగారూ? పేరే కదా మారింది?" అన్నాను. పక్కనే ఉన్న అత్తగారు నా మోచెయ్యి గిల్లింది.

ఆయనకి కోపం రాలేదు. "అందరూ అడిగేదేనమ్మా. బ్యాంకు డబ్బిచ్చి పక్కకి తప్పుకుంటుంది. మెషిను కాలినా, మునిగినా దానికి సంబంధం లేదు. మేము మాత్రం దాన్ని కొని, మా చేతుల్లోకి తీసుకుని, అప్పుడు అమ్మాలి. మా దగ్గరున్నంతసేపూ దానికేమైనా అయితే అది మాదే. ఆ భయం మాది కాబట్టే లాభం మాకు ధర్మం."

"ఎంతసేపుంటుంది మీ దగ్గర?"

"ఒక పూట."

"ఒక పూటకి అంత భయపడతారా" అని నవ్వాను. ఆయన కూడా నవ్వారు.

ఆ పూట కోసం పెట్టిన తిప్పలు చూస్తే తల ప్రాణం తోకకొచ్చింది. మెషిను ఉన్న గోడౌను ఊరికి దూరం. ఆయన స్వయంగా అక్కడికి వెళ్ళాలి, మెషినుని చూడాలి, చేత్తో ముట్టుకోవాలి, సంఘం తరఫున తీసుకున్నాననాలి. అప్పుడు తిరిగొచ్చి నాకు అమ్మాలి. ఇంతా చేస్తే తారీఖు దగ్గరికొచ్చేసింది. ఒకరోజు ఆయన మోకాలి నొప్పి, ఇంకోరోజు గోడౌనుకి సెలవు. నేను రోజూ ఆఫీసుకెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడటం, ఆయన పెన్ను మూత వంక చూడటం.

చివరికి ఒక పొద్దున్న, "అన్నీ సిద్ధమమ్మా, మధ్యాహ్నం గోడౌనుకి వెళుతున్నాను. లారీ మేమే మాట్లాడాం. రేపు వచ్చి సంతకం పెడుదురుగాని" అన్నారు.

"రేపటి సంతకం ఇవాళే పెట్టించుకోండి. ఎలాగూ వచ్చాను కదా. మళ్ళీ షాపు మూసి రావాలి" అన్నాను. ఆయన తటపటాయించారు. నా మొహం చూశారు. ఆ మనిషి జీవితంలో తొందరపడింది అదొక్కసారే అనుకుంటాను. అమ్మకం కాగితం బయటికి తీశారు. నేను గబగబా సంతకం పెట్టేసి, ఎగురుకుంటూ షాపుకొచ్చాను.

గోడౌను వాళ్ళు ఆయన వచ్చేదాకా ఆగలేదు. లారీ వచ్చింది కదా అని మెషినుని ఎక్కించి పంపేశారు. ఆయన బయల్దేరడానికి గొడుగు వెతుక్కుంటున్న సమయానికి లారీ మా షాపు ముందుంది. నాకైతే పండగలా ఉంది. వీధిలో సగం మంది వాకిళ్ళలోకి వచ్చారు. లారీ వాళ్ళు వెనకాల చెక్క పలక దించి, మమ్మల్నెవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా, తాళ్ళతో మెషినుని కిందికి జారుస్తున్నారు. సగం దూరం వచ్చాక పలక ఫెళ్ళున విరిగింది.

మెషిను పక్కకి ఒరిగి షాపు ముందు గట్టు మీద పడింది. పెద్ద అద్దం తలుపు పొడి పొడి అయిపోయింది. లోపలి డ్రమ్ము ఇరుసు వంగి, చేత్తో తిప్పితే ఒక చోట గీసుకుని ఆగిపోతోంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదొక్కటే అదృష్టం. మెకానిక్కు వచ్చి చూసి, "దీన్ని బాగుచేయించే డబ్బుకి ఇంకోటి కొనుక్కోవడం నయం" అని వెళ్ళిపోయాడు.

పొద్దున పెట్టిన సంతకం కళ్ళ ముందు కనిపిస్తోంది. మెషిను నాదని ఒప్పుకున్నాను, వాయిదాలు కడతానని ఒప్పుకున్నాను. ఒక్క దుప్పటి కూడా ఉతకని మెషినుకి ఏళ్ళ తరబడి డబ్బు కట్టాలి. ఆస్పత్రి పోయింది, షాపు పోయింది. మా ఆయన ఏమీ అనకుండా చీపురు తెచ్చి అద్దం ముక్కలు ఊడుస్తున్నాడు. అనాలి కదా ఏదో ఒకటి అని ఆయన మీదే కోపమొచ్చింది. అత్తగారు కబురు విని నడుచుకుంటూ వచ్చింది. "నేను ముందే చెప్పాను" అంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. అనలేదు. నా పక్కన గట్టు మీద కూర్చుంది. దాంతో నాకు ఏడుపాగలేదు.

నిదానంగారు వచ్చేసరికి ఊడవడం అయిపోయింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మెషిను చుట్టూ కళ్ళతోనే ఒకసారి తిరిగారు.

"గోడౌనులో మా వాళ్ళెవరైనా దీన్ని చూశారా?"

"ఎవరూ రాలేదు. లారీయే నేరుగా వచ్చింది" అన్నాడు మా ఆయన.

"లారీ మేము మాట్లాడింది. అంటే లారీ ఎక్కినప్పుడు ఇది మా చేతికి వచ్చింది. ఈ అమ్మ పొద్దున సంతకం పెట్టేటప్పటికి ఇది ఇంకా గోడౌనులోనే ఉంది." ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ తగిలించారు. "చేతికి రాని వస్తువుని అమ్మే హక్కు మాకు లేదు. నేను అమ్మాను. తప్పు నాది. ఆ అమ్మకం చెల్లదమ్మా. ఈ పడ్డది మా మెషిను."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ మొహంలో సంతోషం లేదు. అప్పుడు తట్టింది నాకు. సంఘం మెషిను అంటే ఆవిడ మెషిను.

విషయం పెద్దది కాబట్టి సంఘంలో డబ్బు పెట్టిన వాళ్ళందర్నీ పిలిచారు. సంఘం ఆఫీసు పై గదిలో కుర్చీలు చాలక కొంతమంది కిటికీ గట్టు మీద కూర్చున్నారు. చూస్తే అంతా మాలాంటి వాళ్ళే. బస్సు కండక్టరు, స్కూలు ఆయా, పాత ఇనుము కొనే ఆయన, పళ్ళ బండి ఆవిడ. బ్యాంకుకి నష్టమొస్తే ఎవరో ఎక్కడో భరిస్తారనుకుంటాం. ఇక్కడ భరించేవాళ్ళు నా ఎదురుగా కూర్చుని విసనకర్రలతో విసురుకుంటున్నారు. లారీ వాళ్ళ దగ్గర రాబట్టడానికి ఏమీ లేదని, ఈ ఏడాది ఎవరికీ లాభం రాదని నిదానంగారు చెప్పారు. తన జీతంలోంచి నెలనెలా కొంత కట్టుకుంటానని కూడా చెప్పారు.

పాత ఇనుము ఆయన లేచాడు. చెడ్డవాడు కాదు, నాలాగే నోరున్నవాడు. "అదంతా ఎందుకండీ? సంతకముంది. మెషిను ఆవిడ గుమ్మం దగ్గరే పడింది. ఆవిడ తొందరపెడితేనే కదా ఇదంతా. మా అమ్మాయి ఫీజు కట్టాల్సింది ఈ లాభంతోనే. ఆవిడ కట్టాలి."

తొందరపెట్టిన మాట నిజం, ఆయన కూతురి ఫీజు నిజం. చాలామంది తలలూపుతున్నారు. ఇంకొంచెం సేపైతే చేతులెత్తి తేల్చేసేలా ఉన్నారు. కట్టమంటే మా దగ్గరున్నది ఆ రెండు బుల్లి మెషిన్లు, వ్యాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నా చెయ్యి చల్లగా ఉందో, ఆయనదే చల్లగా ఉందో తెలియలేదు.

అత్తగారు లేచి నిలబడింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, లేవడానికే కొంత సేపు పట్టింది.

"మీరూ నేనూ ఇన్నేళ్ళుగా లాభం తీసుకున్నాం. వడ్డీ కాదు, హలాల్ డబ్బు అని చెప్పుకుని తీసుకున్నాం. ఎందుకు హలాల్? నష్టమొస్తే మాకే అన్నాం కాబట్టి. నష్టం ఎప్పుడూ రాలేదు, అందుకని ఆ మాట చెప్పడం తేలిగ్గా ఉండేది. ఇవాళ వచ్చింది. ఇవాళ దాన్ని ఆమె మీదికి తోసేస్తే, ఇన్నేళ్ళూ మనం తిన్నది ఏమిటి?"

"మీ కోడలు కదా, మీరు అలాగే అంటారు" అన్నాడు పాత ఇనుము ఆయన.

"నేను నా కోడలి పక్షాన మాట్లాడటం ఎప్పుడైనా విన్నావా నాయనా? మా వీధిలో ఎవర్నైనా అడుగు."

గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, నవ్వాక ఇంక గట్టిగా మాట్లాడలేకపోయాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. "నా వాటా నష్టం నాకు రాయండి. మేనేజరుగారి జీతం జోలికి వెళ్ళకండి, ఆయన తొందరపడటం మళ్ళీ జరగదు" అని కూర్చుంది.

నష్టం సంఘానిదేనని చేతులెత్తారు. పాత ఇనుము ఆయన చెయ్యి చివర్న లేచింది, కానీ లేచింది. మర్నాడు ఆయనే బండి తెచ్చి ఆ మెషినుని తూకం వేసి, మామూలు రేటు కంటే ఎక్కువకే కొన్నాడు. "నష్టంలో నా వాటా తగ్గుతుంది కదా" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

నేను కాళ్ళావేళ్ళా పడితే ఆస్పత్రి స్టోరు ఆవిడ, మెషిను వచ్చేదాకా సగం దుప్పట్లే పంపుతాను, సాయంత్రం దాటితే మాత్రం ఒప్పుకోనంది. బుల్లి మెషిన్లు రెండూ వేడెక్కి మూలుగుతుంటే మిగిలినవి తొట్టిలో చేత్తో ఉతికాం. సంఘం ఇంకో మెషిను కొంది. ఈసారి నిదానంగారు గోడౌనుకి వెళ్ళి, చూసి, ముట్టుకుని, లారీ ముందు సీట్లో కూర్చుని దాంతో పాటే వచ్చారు. దాన్ని లోపల పెట్టి, నీళ్ళు పట్టి, ఒక విడత తిప్పి చూసే వరకూ కాగితం బయటికి తియ్యలేదు. నేను కాళ్ళు ఊపకుండా నిలబడ్డాను. ఆ తరవాత నాకు అమ్మారు.

అప్పటి నుంచీ షాపు ఊపిరి సలపనంత పనిలో పడింది. సంతోషంగానే ఉంది. ఒకటే మనసులో గుచ్చుతుండేది. ఏడాది చివర అందరూ లాభం తెచ్చుకునే రోజు వచ్చింది. అత్తగారు ఆ రోజు సంఘానికి వెళ్ళలేదు, వెళ్ళడానికేం లేదు కాబట్టి. ఆవిడ కళ్ళజోడు ఒక కాడకి దారం కట్టి ఉంది. కొత్తది కొనివ్వమని కొడుకుని అడగలేదు. నన్ను అసలే అడగదు.

మర్నాడు పొద్దున షాపు గల్లా తీసి, ఆవిడకి ఏటా వచ్చేంత డబ్బు లెక్కపెట్టి, కవర్లో పెట్టి ఆవిడ ఒళ్ళో ఉంచాను. "నా వల్ల పోయింది కదా అత్తయ్యా. నేనే ఇస్తున్నాను."

ఆవిడ కవరు విప్పి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. తిరిగి నా చేతిలో పెట్టింది.

"నష్టం నాదన్నాను. నువ్వు దాన్ని పూడిస్తే నేనేం భరించినట్టు? ఏం జరిగినా నా డబ్బు నాకొస్తుందంటే, అదే కదమ్మా వడ్డీ అంటే."

"మరి కళ్ళజోడు?"

"కనిపిస్తోందిలే." దారాన్ని చెవి వెనక్కి సర్దుకుంది. "సంఘంలో ఉన్న దాంట్లో సగం తీసేద్దామనుకుంటున్నాను" అంది.

కోపమొచ్చి తీసేస్తోందనుకున్నాను. "ఎక్కడ పెడతారు?"

"నీ షాపులో. ఇంకో మెషిను కొనాలంటున్నావు కదా. లాభమొస్తే వాటా ఇవ్వు."

"రాకపోతే?"

"రాకపోతే లేదు. మునిగితే ఇద్దరం మునుగుదాం."

ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కోలేరా అని ఇన్నేళ్ళూ దెప్పిన మనిషి. ముసలితనానికని దాచుకున్న దాంట్లో సగం తెచ్చి, పోతే పోనీ అని, నా చేతిలో పెడతానంటోంది. మెత్తబడ్డట్టు కనపడటం ఇష్టం లేక, ఎంత వాటా కావాలని కటువుగా అడిగాను.

మూడో వంతంది. పదో వంతన్నాను. మధ్యాహ్నం దాకా బేరమాడుకున్నాం. మా ఆయన అన్నం తింటూ ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. అయిదో వంతు దగ్గర తెగింది. లేచి చెప్పులేసుకుంటూ, "పద, షాపు చూడాలి. నా డబ్బుంది అక్కడ" అంది అత్తగారు.